డాకర్లు లేని రేవు

మన ఫీల్డులో ఉన్నవాళ్ళకి డాకర్ అన్న మాట పరిచయం చెయ్యక్కర్లేదు. 2013లో వచ్చిన సాఫ్ట్‌వేర్. వీపు మీద పెట్టెలు పేర్చుకున్న నీలం తిమింగలం బొమ్మ. రోజుకి ఎన్నిసార్లు ఆ మాట టైపు చేస్తామో లెక్కే లేదు. కానీ అసలు డాకర్ అంటే ఎవరు? రేవులో ఓడల్లోకి సరుకు ఎక్కించి, దించే కూలీ. బస్తా భుజాన వేసుకుని మోసేవాడు. ఆ కూలీ పొట్ట కొట్టింది ఏది? కంటైనర్ అనే ఇనప్పెట్టె. ఇప్పుడు పోయి పోయి కంటైనర్లని నడిపే సాఫ్ట్‌వేర్‌కి డాకర్ అని పేరు పెట్టారు. ట్రాక్టరుకి 'జోడెద్దులు' అని పేరు పెట్టినట్టుంది. పెట్టినవాళ్ళకి ఈ సంగతి తట్టిందో లేదో మరి.

నేను రాయబోయేది ఆ సాఫ్ట్‌వేర్ గురించి కాదు, ఆ కూలీల ఊరి గురించి. మనవాళ్ళలో చాలామంది చూసిన ఊరే అది. లండన్‌కి తూర్పున థేమ్స్ నది పెద్ద మెలిక తిరిగే చోట ఐల్ ఆఫ్ డాగ్స్ అని ఒక ముక్క ఉంది. అందులోనే కేనరీ వార్ఫ్. గాజు టవర్లు, బ్యాంకులు, డ్రైవర్ లేకుండా నడిచే రైళ్ళు. లండన్ ఆన్‌సైట్ అంటే మనలో చాలామందికి అదే. నేనూ కొన్ని నెలలు అక్కడ ఒక క్లయింటు దగ్గర పనిచేశాను. పాడుబడ్డ రేవుల్ని బాగుచేసి నగరంలో కలిపేసుకోవడాన్ని రీజనరేషన్ అంటారు కదా, దానికి కేనరీ వార్ఫ్‌ని ఒక పాఠంలాగా చెప్తారు. ఆ పాఠం ఎప్పుడూ 1981లోనే మొదలవుతుంది. అంతకుముందు అక్కడేమీ లేదట, కూలిన గోదాములు, మురికినీళ్ళు, అంతేనట. నా పేచీ అక్కడే. అంతకుముందు 180 ఏళ్ళు అక్కడ ఏముందో, అదెలా పోయిందో తెలియకపోతే, తర్వాత వచ్చినదాన్ని ఏ లెక్కన మెచ్చుకోవాలి?

ముందు డాక్ అంటే ఏమిటో చెప్పాలి. లండన్ దగ్గర థేమ్స్‌లో ఆటుకీ పోటుకీ తేడా ఆరేడు మీటర్లు ఉంటుంది. పోటులో తేలిన ఓడ, ఆటు రాగానే బురదలో కూర్చుంటుంది. అందుకని నది పక్కన పెద్ద పెద్ద చెరువులు తవ్వి, నదికీ చెరువుకీ మధ్య లాకులు పెట్టారు. మన గోదావరి కాలువల మీద ధవళేశ్వరంలో, విజ్జేశ్వరంలో ఉన్నట్టాంటి లాకులే, కాకపోతే సముద్రపు ఓడలు పట్టేంతవి. ఆ చెరువులే డాకులు. ఐల్ ఆఫ్ డాగ్స్‌లో మొదటిది 1802లో తెరిచిన వెస్ట్ ఇండియా డాక్స్. అంతకుముందు ఓడలన్నీ నది మధ్యలోనే లంగరేసి, సరుకు దించడానికి వారాల తరబడి వరసలో ఆగేవి. ఈలోపు చక్కెర బస్తాలకి కన్నాలు, రమ్ము పీపాలకి కన్నాలు. ఈ దొంగతనాలు ఆపడానికనే 1798లో నది మీద ప్రత్యేకంగా పోలీసుల్ని పెట్టారు. డాకు కట్టినప్పుడు చుట్టూ 20 అడుగుల గోడ, కందకం కూడా కట్టారు. రేవు కాదు, కోట.

ఆ చక్కెర, ఆ రమ్ము ఎక్కడివి? కరీబియన్ దీవుల్లో బానిసలు పండించిన చెరకువి. డాకు కట్టించడంలో ముందున్న రాబర్ట్ మిల్లిగన్ జమైకాలో తోటలూ బానిసలూ ఉన్న వ్యాపారి. ఆయన విగ్రహం డాకు ముందు ఉండేది, 2020 జూన్‌లో తీసేశారు. ఆ విగ్రహం వెనకే ఉన్న పాత గోదాములో 2003లో మ్యూజియం పెట్టారు. లంచ్ బ్రేక్‌లో నడిచి వెళ్ళగలిగినంత దూరం. ఎవరైనా అటు వెళ్తే తప్పకుండా చూడండి, అందులో చక్కెరా బానిసత్వం మీద ఒక గది ఉంది, అక్కడి అంకెల ముందు కాసేపు నోరు పెగలదు.

ఇక్కడ ఇంకో చిన్న విషయం గమనించాలి, తర్వాత పనికొస్తుంది. ఈ డాకు సొంత కాళ్ళ మీద లేచి నిలబడింది కాదు. 1799లో పార్లమెంటు చట్టం చేసింది. వెస్ట్ ఇండీస్ నుంచి లండన్‌కి వచ్చే సరుకంతా 21 ఏళ్ళపాటు ఈ డాకులోనే దించాలి, ఇంకెక్కడా దించకూడదు! అంటే పుట్టుకే సర్కారు వారి రాయితీతో.

దీని వెంట డాకుల వరస మొదలైంది. 1805లో లండన్ డాక్స్, 1806లో ఈస్ట్ ఇండియా డాక్స్ (మన దేశపు సరుకులు దిగింది ఇక్కడే), 1828లో టవర్ బ్రిడ్జి పక్కన సెంట్ కాథరిన్ డాక్స్. ఈ చివరిదాని కోసం 1,250 ఇళ్ళు కూలగొట్టారు. 11,300 మంది వీధిన పడ్డారు. ఇల్లు సొంతమైనవాడికి పరిహారం వచ్చింది, అద్దెకున్నవాడికి ఏమీ రాలేదు. ఉన్నవాళ్ళంతా దాదాపు అద్దెవాళ్ళే. 'అభివృద్ధి కోసం ఖాళీ చెయ్యండి' అన్నది ఆ ఒడ్డుకి కొత్త మాట కాదన్నమాట.

సరే, డాకర్ల దగ్గరికొద్దాం. హైదరాబాద్‌లో లేబర్ అడ్డాలు చూసుంటారు. పొద్దున్నే కూడలిలో పారా, తట్టా పట్టుకుని నిలబడతారు, మేస్త్రీ వచ్చి నువ్వు, నువ్వు, నువ్వు అని ఏరుకుంటాడు. మిగిలినవాళ్ళు ఇంటికి. లండన్ డాకుల్లో సరిగ్గా ఇదే, పేరు మాత్రం కాల్-ఆన్. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. వందలమంది గొలుసు అవతల నిలబడి ఫోర్‌మన్ కంట్లో పడాలని ఎగిరేవాళ్ళు, పక్కవాడి భుజాలెక్కేవాళ్ళు, తోసుకునేవాళ్ళు. 1849లో హెన్రీ మేహ్యూ అనే పాత్రికేయుడు ఈ దృశ్యం చూసి పత్రికలో రాశాడు. ఓడలు గాలిని బట్టి వచ్చేవి కాబట్టి ఒకరోజు వేలమంది కావాలి, మర్నాడు వందమంది చాలు. ఆ తేడా తాలూకు రిస్కు ఎవరు భరించాలి? కంపెనీనా, కూలీనా? నూటపాతికేళ్ళకు పైగా దానికి జవాబు కూలీ అనే.

'బెంచ్' అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఈ గొలుసు గుర్తొస్తుంది. మన బెంచ్‌కి ఏసీ ఉంటుంది, కొంతకాలం జీతం కూడా ఉంటుంది, పోలిక పూర్తిగా కుదరదు, ఒప్పుకుంటాను. కానీ అమెరికాలో కన్సల్టెన్సీల గెస్ట్ హౌసుల్లో ప్రాజెక్టు కోసం నెలలు లెక్కపెట్టుకున్నవాళ్ళని అడిగితే పోలిక అంత దూరమేమీ కాదంటారు.

1889 ఆగస్టులో ఈ కూలీలు పని ఆపేశారు. గంటకి ఆరు పెన్నీలు ఇవ్వాలి (అప్పటిదాకా ఐదు), పిలిస్తే కనీసం నాలుగు గంటల పని ఇవ్వాలి, ఇవీ ముఖ్యమైన కోరికలు. మరీ గొంతెమ్మ కోర్కెలేం కావు. ఐదు వారాలు నడిచింది సమ్మె. తిండికి లేక లొంగిపోయేలా ఉన్న సమయంలో ఆస్ట్రేలియా నుంచి చందాలొచ్చాయి, 30 వేల పౌండ్లు! గెలిచారు. బ్రిటన్‌లో నైపుణ్యం లేని కూలీలు అనబడేవాళ్ళ యూనియన్లకి అసలు ప్రాణం పోసింది ఈ సమ్మే.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను, ఎందుకంటే ఇదే పనిలో, ఇదే పద్ధతిలో తెలుగువాళ్ళు కూడా వేలకొద్దీ బతికారు. లండన్‌లో కాదు, రంగూన్‌లో. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో స్టీమరెక్కి వెళ్ళిన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల జనం. రంగూన్ రేవులో బియ్యం బస్తాలు మోసింది ఎక్కువగా వీళ్ళే. అక్కడ వీళ్ళని 'కోరంగీలు' అనేవారు, మన కోరింగ రేవు పేరు మీద. టిక్కెట్టు డబ్బులు అప్పిచ్చి తీసుకెళ్ళేది మేస్త్రీ, పని ఇప్పించేది మేస్త్రీ, కూలీలోంచి కోత కోసుకునేదీ మేస్త్రీయే. (ఈ బిజినెస్ మోడల్ ఎక్కడో విన్నట్టుంది కదూ :) ) 1930 మేలో కూలి పెంచమని వీళ్ళు సమ్మె చేస్తే, కంపెనీలు బర్మా కూలీలని దింపాయి. సమ్మె పరిష్కారమై మనవాళ్ళు పనిలోకి రాగానే ఆ బర్మా కూలీలని పొమ్మన్నాయి. మే 26న కొట్లాట మొదలైంది. వందమందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. రెండు వైపులా ఆకలిగా ఉన్నవాళ్ళే, ఒకళ్ళ నోటి దగ్గరిది లాగి ఇంకొకళ్ళకి చూపించింది మాత్రం మూడోవాడు. ఇంతకీ ఆ పేరిచ్చిన కోరింగ 1839 ఉప్పెనలోనే కొట్టుకుపోయింది. దాన్ని ఎవరూ రీజనరేట్ చెయ్యలేదు. ఇప్పుడక్కడ మడ అడవి ఉంది, నా దృష్టిలో అదేమంత చెడ్డ పునరుద్ధరణ కాదు.

మళ్ళీ లండన్. 1909లో డాకులన్నీ పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ కిందకి వచ్చాయి. 1947లో నేషనల్ డాక్ లేబర్ స్కీము వచ్చింది, పనికి హాజరై దొరక్కపోయినా కొంత డబ్బు ఇస్తారు. కానీ కాల్-ఆన్ మాత్రం పోలేదు. అది పోయింది 1967 సెప్టెంబరులో. డెవ్లిన్ కమిటీ సిఫార్సుల మీద రిజిస్టరైన ప్రతి డాకరుకీ ఒక యజమాని, ప్రతి వారం జీతం. పర్మినెంట్! తాతలనాటి పోరాటం తీరా గెలిచింది ఆ సంవత్సరం.

అదే 1967లో ఈస్ట్ ఇండియా డాక్స్ మూసేశారు.

కారణం పదకొండేళ్ళ ముందు అమెరికాలో మొదలైంది. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ అనే లారీల కంపెనీ ఓనరు, ఐడియల్ ఎక్స్ అనే పాత ట్యాంకర్ ఓడ మీద 58 పెట్టెలు ఎక్కించి నూయార్క్ పక్కన నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కి పంపాడు. లెక్క చూశారు. విడి సరుకుగా ఎక్కిస్తే టన్నుకి 5 డాలర్ల 86 సెంట్లు అయ్యేది. పెట్టెల్లో అయితే 16 సెంట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ సమ్మె, ఏ యూనియన్, ఏ ప్రభుత్వం ఈ తేడా ముందు నిలబడగలదు? తర్వాత 1960ల్లో పెట్టె కొలతలు అంతర్జాతీయంగా ఖాయం చేశారు. ఒకసారి స్టాండర్డ్ ఖాయమైతే ఏమవుతుందో మనకి ఒకళ్ళు చెప్పాలా? ఏ ఓడైనా, ఏ క్రేనైనా, ఏ లారీ అయినా ఒకటే ఇంటర్‌ఫేస్. పెట్టెలో ఏముందో ఎవరికీ అక్కర్లేదు.

డాకర్ల నైపుణ్యమంతా పెట్టెలో ఏముందో తెలియడంలోనే ఉండేది. టీ పెట్టెలు ఎలా పేర్చాలి, కలప ఎలా కట్టాలి, మాంసం ఎంత త్వరగా దించాలి, ఏ సరుకు పక్కన ఏది పెట్టకూడదు. 'నైపుణ్యం లేని కూలీ' అన్న పేరు మోశారు గానీ ఆ నైపుణ్యం పోయినరోజే అదెంత ఉండేదో తెలిసింది. పైగా కంటైనర్ ఓడలు పెద్దవి, పాత లాకుల్లో పట్టవు, పెట్టెలు పేర్చడానికి ఎకరాలకి ఎకరాలు చదునైన నేల కావాలి. పని నది దిగువన టిల్బరీకి పోయింది. కొంత అసలు లండన్‌లోనే లేకుండా పోయింది. 1961లో లండన్ రేవు 6 కోట్ల టన్నుల పైచిలుకు సరుకు దించి రికార్డు కొట్టింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి 1968లో సెంట్ కాథరిన్, 1969లో లండన్ డాక్స్, 1980లో వెస్ట్ ఇండియా, 1981లో రాయల్ డాక్స్, వరసగా తాళాలు.

మధ్యలో 1972 జూలైలో, కంటైనర్లు నింపే పని డాకర్లకి కాకుండా బయటివాళ్ళకి ఇస్తున్నారని ఒక డిపో ముందు ధర్నా చేసినందుకు ఐదుగురు డాకర్లని పెంటన్‌విల్ జైల్లో పెట్టారు. దేశమంతా పని ఆగిపోయే పరిస్థితి వచ్చి, వారం తిరక్కుండా వదిలేశారు. జైలు గేటు ముందు జనం వాళ్ళని భుజాలకెత్తుకున్నారు. ఘనవిజయమే. కానీ వాళ్ళు దేనికోసం జైలుకెళ్ళారో ఆ పని ఎలాగూ నిలవలేదు.

ఇందులో విలన్ ఎవరని వెతకడం దండగ. పెట్టె రాక తప్పదు. కానీ పెట్టె వల్ల మిగిలిన డబ్బు ఎవరికెంత అన్నది మాత్రం బేరమాడాల్సిన విషయమే, అది ఆడినవాళ్ళున్నారు కూడా. అమెరికా పశ్చిమ తీరంలో హ్యారీ బ్రిడ్జెస్ అనే యూనియన్ నాయకుడు 1960లో ఒక ఒప్పందం చేసుకున్నాడు. యంత్రాలు తెచ్చుకోండి, అడ్డు చెప్పం, బదులుగా ఏడాదికి 50 లక్షల డాలర్లు ఒక నిధిలో వెయ్యండి. దాంతో ఉన్నవాళ్ళని పీకెయ్యకుండా, ముందే రిటైరయ్యేవాళ్ళకి డబ్బిచ్చి పంపారు. యూనియన్‌లోనే చాలామంది ఆయన్ని అమ్ముడుపోయాడన్నారు. నాకైతే ఆయన పెట్టెని అందరికంటే ముందుగా, స్పష్టంగా చూసినవాడిలా అనిపిస్తాడు. లండన్‌లో కూడా డాకర్లకి సెవరెన్స్ డబ్బు వచ్చింది, కానీ డాకులు మూతపడుతూ ఉండగా, ఒక్కొక్కరికీ విడివిడిగా. ఆ డబ్బు మనిషికి వచ్చింది, ఊరికి రాలేదు. డాకరు పోతే వెంట లారీవాడు, తాళ్ళు పేనేవాడు, ఓడలు బాగుచేసేవాడు, పబ్బు నడిపేవాడు, అందరూ పోయారు. వాళ్ళకే సెవరెన్సూ లేదు.

ఐల్ ఆఫ్ డాగ్స్ జనానికి రోషం ఎక్కువ. బస్సులు సరిగ్గా లేవు, ఆస్పత్రి లేదు, స్కూళ్ళు లేవు అని విసిగిపోయి 1970 మార్చిలో వంతెనల మీద దారి ఆపేసి, మాది స్వతంత్ర దేశం అని ప్రకటించేసుకున్నారు! టెడ్ జాన్స్ అనే స్థానిక నాయకుడు అధ్యక్షుడు. పత్రికలు నవ్వుకున్నాయి, నవ్వుకున్నా వచ్చి రాశాయి, వాళ్ళకి కావలసిందీ అదే.

1981 జూలైలో థాచర్ ప్రభుత్వం లండన్ డాక్‌లాండ్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అనే సంస్థని దింపింది. ఎనిమిదిన్నర చదరపు మైళ్ళ ప్రాంతం, 39 వేల చిల్లర జనాభా. అక్కడి ఎన్నికైన కౌన్సిళ్ళ చేతిలోంచి ప్లానింగ్ అధికారం తీసి ఈ సంస్థకిచ్చారు. రేవు భూములు కూడా చాలావరకు దీనికే. మరుసటి ఏడాది, అంటే 1982లో, ఐల్ ఆఫ్ డాగ్స్‌ని ఎంటర్‌ప్రైజ్ జోన్ చేశారు. పదేళ్ళు ఆస్తి పన్ను లేదు, భవనం కట్టిన ఖర్చంతా పన్నులో తగ్గించుకోవచ్చు, కట్టడానికి మామూలు అనుమతులు అక్కర్లేదు. ఈ జోన్ ఆలోచనకి మూలం పీటర్ హాల్ అనే భూగోళ శాస్త్రవేత్త 1977లో హాంకాంగ్‌ని చూపిస్తూ చేసిన ఒక ప్రసంగం. మన దేశంలో 2005 సెజ్ చట్టం, మొదటి ఐదేళ్ళు లాభాల మీద పూర్తి పన్ను మినహాయింపు, తర్వాతి ఐదేళ్ళు సగం, అదీ ఈ కుటుంబంలోదే. మాదాపూర్, గచ్చిబౌలి సెజ్‌లలో కూర్చుని పనిచేసినవాళ్ళకి కేనరీ వార్ఫ్ వాసన కొత్తగా ఉండదు. గార్డులు, పచ్చిక, ఫుడ్ కోర్టు, ఎవరిదో తెలియని రోడ్డు.

జనం ఊరుకోలేదు. 1983లో రాయల్ డాక్స్ దగ్గర విమానాశ్రయం పెడతామంటే, అక్కడివాళ్ళు కూర్చుని తమ సొంత ప్లాను తయారుచేశారు. ఇళ్ళు, పిల్లల్ని చూసుకునే కేంద్రాలు, ఓడలు బాగుచేసే పని. పీపుల్స్ ప్లాన్ అని పేరు. దాన్ని పక్కన పెట్టారు, విమానాశ్రయం 1987లో తెరిచారు. ఆ ప్లాను గెలిచేదా అంటే నాకు అనుమానమే, ఓడల పని తిరిగిరాదు. కానీ అందులో 'ఇక్కడ ఉన్నవాళ్ళకి ఏం కావాలి' అన్న ప్రశ్న ఉంది. కార్పొరేషన్ ప్లాన్లలో 'ఇక్కడికి ఎవరిని రప్పించాలి' అన్నది మాత్రమే ఉంది. తేడా అంతా అదే.

ఇక బ్యాంకులెలా వచ్చాయో చెప్తే నమ్మరు. మైకేల్ ఫాన్ క్లెమ్ అని ఒక స్విస్ బ్యాంకు లండన్ శాఖ ఛైర్మన్. ఆయనకి రూ సోదరుల రెస్టారెంట్ వ్యాపారంలోనూ పాత్ర ఉంది. వాళ్ళకి వంటలు తయారుచేసి ప్యాక్ చేసే షెడ్డు కోసం స్థలం వెతుకుతూ 1980ల మధ్యలో వెస్ట్ ఇండియా డాక్స్‌కి వచ్చాడు. నీళ్ళ మీద పడవలో భోజనం చేస్తూ చుట్టూ ఉన్న గోదాముల్ని చూశాడు. బోస్టన్‌లో ఇలాంటి గోదాముల్నే ఆఫీసులు చేశారుగా అని గుర్తొచ్చిందట. వంటషెడ్డు సంగతి పోయి, బ్యాంకు ఆఫీసు సంగతి మొదలైంది. 1986 అక్టోబరులో షేర్ మార్కెట్ నియమాలు సడలించాక బ్యాంకులకి వందలమంది కూర్చునే పెద్ద పెద్ద ట్రేడింగ్ హాళ్ళు కావాల్సొచ్చాయి, పాత సిటీ సందుల్లో అంత చోటు లేదు. కేనరీ వార్ఫ్ అన్న పేరు కూడా పండ్లది, 1930ల్లో కేనరీ దీవుల నుంచి అరటిపళ్ళూ టమాటాలూ దించిన షెడ్డు పేరు.

1987లో టొరంటో నుంచి రైష్‌మన్ సోదరులు వచ్చి ప్రాజెక్టు తీసుకున్నారు. వాళ్ళ ఒలింపియా అండ్ యార్క్ అప్పటికి ప్రపంచంలోనే పెద్ద బిల్డర్లలో ఒకటి. 1991కి సీజర్ పెల్లీ డిజైన్ చేసిన 50 అంతస్తుల టవర్ లేచింది, దాదాపు ఇరవై ఏళ్ళు బ్రిటన్‌లో అదే ఎత్తు. 1992 మేలో ప్రాజెక్టు దివాళా! టవర్ సగం పైగా ఖాళీ. ఎందుకంటే అక్కడికి వెళ్ళడానికి దారి లేదు. 1987లో తెరిచిన చిన్న రైలు 11 బళ్ళతో మొదలైంది, 7.7 కోట్ల పౌండ్లలో చవగ్గా లాగించేసింది, లక్షమందిని మోసే సత్తువ దానికి లేదు. ఈ ప్రాజెక్టు మళ్ళీ నిలబడింది ఎప్పుడంటే, జూబిలీ లైను ట్యూబు 1999లో వచ్చాక. ఖర్చు సుమారు 350 కోట్ల పౌండ్లు, అత్యధిక భాగం ప్రజల సొమ్ము. నీళ్ళు తోడేసిన పాత డాకులోనే ఆ స్టేషన్ కట్టారు.

దీన్ని 'మార్కెట్ సాధించిన అద్భుతం' అని రాసేవాళ్ళని చూస్తే నాకు 1799 చట్టం గుర్తొస్తుంది. అప్పుడు 21 ఏళ్ళ గుత్త హక్కు, ఇప్పుడు పదేళ్ళ పన్ను మాఫీ, ఒక రైలు, ఒక ట్యూబు. రెండుసార్లూ రేవుకి పెట్టుబడి పెట్టినవాళ్ళ రిస్కు తగ్గించింది ప్రభుత్వమే. అందులో తప్పుందని కాదు. డబ్బు పెట్టినవాడికి షరతు పెట్టే హక్కుంటుంది కదా, ఆ షరతుల్లో అక్కడివాళ్ళ పేరు ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

కార్పొరేషన్ 1998 మార్చిలో మూసేసుకుంటూ చెప్పిన లెక్కలు గట్టివే. ప్రభుత్వం 186 కోట్ల పౌండ్లు పెడితే, ప్రైవేటు పెట్టుబడి 770 కోట్లు. 24 వేల కొత్త ఇళ్ళు. 85 వేల ఉద్యోగాలు. కానీ 1981లో అక్కడి ఐదిళ్ళలో నాలుగు కౌన్సిల్ అద్దె ఇళ్ళు. కొత్తగా కట్టినవి ఎక్కువ అమ్మకానికి. కొత్త ఉద్యోగాలు బాండ్లు అమ్మేవాళ్ళకీ, లాయర్లకీ, తర్వాత మనలాంటివాళ్ళకీ. డాకరు కొడుక్కి అందులో దొరికింది సెక్యూరిటీ డెస్కు, ఫుడ్ కోర్టు. 1986లో పని ప్రారంభోత్సవానికి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ వస్తే, అక్కడివాళ్ళు గొర్రెల మందని, తేనెటీగల్ని వదిలారు. పెద్దమనుషులంతా తలో దిక్కు. చదివినప్పుడు నవ్వొచ్చింది.

తర్వాత జరిగినదానికి నవ్వు రాదు. చాలినన్ని కౌన్సిల్ ఇళ్ళు లేవు. వాటికోసం వరసలో డాకర్ల పిల్లలున్నారు, బంగ్లాదేశీ కుటుంబాలున్నాయి. ఈ బంగ్లాదేశీలలో ముందుగా వచ్చినవాళ్ళు కూడా రేవు మనుషులే, బ్రిటిష్ ఓడల్లో బాయిలర్ల దగ్గర పనిచేసిన సిల్హెట్ లస్కర్లు. (మన కాలువ లాకుల దగ్గర ఉండే లస్కరు, ఈ లస్కరు ఒకటే మాట.) 1993 సెప్టెంబరులో ఐల్ ఆఫ్ డాగ్స్‌లోని మిల్‌వాల్ వార్డు ఉప ఎన్నికలో, ఇళ్ళన్నీ బంగ్లాదేశీలకే పోతున్నాయని ప్రచారం చేసిన జాత్యహంకార పార్టీ బీఎన్‌పీ 7 ఓట్లతో గెలిచింది. ఎనిమిది నెలల్లో ఓడించేశారనుకోండి. కానీ ఆ టవర్ నీడలోనే, పై అంతస్తులు అద్దెకి ఎవరూ రాక ఖాళీగా ఉన్న రోజుల్లోనే, కింద ఇంటి కోసం ఒకరి మీద ఒకరికి పగ. రంగూన్ 1930 మళ్ళీ చదివినట్టుంది నాకు.

అన్నిచోట్లా ఇలాగే జరగాలని లేదు. సింగపూర్ నదిని 1977లో లీ క్వాన్ యూ పదేళ్ళలో శుభ్రం చెయ్యమన్నాడు, 1987కి చేశారు. 1983లో సరుకు పడవలన్నిటినీ పాసిర్ పంజాంగ్‌కి తరలించారు. ఒడ్డున గుడిసెల్లో ఉన్న సుమారు 26 వేల కుటుంబాల్ని లేపేశారు, అడిగి కాదు, ఆజ్ఞాపించే. కానీ సర్కారు ఫ్లాట్లు చూపించి లేపారు, తోపుడుబండ్ల వాళ్ళని కట్టిన సెంటర్లలోకి పంపారు. క్లార్క్ కీలో కూర్చుని బీరు తాగే మనవాళ్ళకి ఆ పడవలవాళ్ళు ఎక్కడా కనిపించరు, అది నిజమే. ఇల్లు మాత్రం దొరికింది. ముంబైలో 1989లో న్హావా షేవా రేవు తెరిచాక పాత రేవుల సరుకు అటు పోయింది. తూర్పు తీరంలో పోర్టు భూముల్ని ఏం చెయ్యాలన్న చర్చ ఏళ్ళుగా నడిచింది. ఆ బొమ్మల్లో పార్కులు, మెరీనాలు, క్రూయిజ్ ఓడలు బాగా కనిపిస్తాయి. అక్కడే పాత ఓడలు విడగొట్టే పనివాళ్ళూ, ఆ బస్తీలూ ఏ రంగులో గీశారో నేను చూసినంతలో దొరకలేదు.

కేనరీ వార్ఫ్ కథ కూడా అయిపోలేదు. 2002లో అక్కడ 45 అంతస్తుల టవర్‌లోకి మారిన హెచ్‌ఎస్‌బీసీ, 2023 జూన్‌లో తిరిగి పాత సిటీకి, సెంట్ పాల్స్ పక్కన ఇంతకంటే చిన్న ఆఫీసుకి వెళ్ళిపోతామని ప్రకటించింది. కోవిడ్ తర్వాత ఇంటినుంచి పని, అంత చోటు అక్కర్లేదు. 2024లో ఆ టవర్ కోసం కొత్త ప్లాన్లు బయటికొచ్చాయి. పెద్ద పెద్ద ముక్కలు కోసి తీసేసి, మధ్యలో తోటలు పెట్టి, ఆఫీసులతో పాటు ఇంకేవేవో కలిపి వాడుకునేలా మారుస్తారట. 1802లో చక్కెర కోసం కట్టిన గోదాము దానికి నడిచి పది నిమిషాల దూరంలో ఉంది. ఆ బ్యాంకు బ్యాక్ ఆఫీసు పనిలో చాలాభాగం అప్పటికే హైదరాబాద్, విశాఖల్లో జరుగుతోంది.